నదికి వకాల్తా

మన గృహములలో నొక బాలుడు న్యాయశాస్త్రము చదువుచున్నాడని తెలిసినతోడనే చుట్టములు వేయు మొదటి ప్రశ్న 'ప్రాక్టీసు బాగుండునా?' అనునది. ఆ ప్రశ్న తప్పని మేమనము. విద్య యెవరికైనను భుక్తి గడుపుకొనుటకు సాధనము కావలసినదే. కాని న్యాయవిద్యకు మఱియొక ప్రయోజనము గలదు. న్యాయస్థానమునకు తమంతట తాము రాలేనివారి మాటను అచ్చట వినిపించుటయే యది. పసిబిడ్డకై సంరక్షకుడు మాటలాడును. మతి చలించినవానికై బంధువు మాటలాడును. ఊరి చెఱువు పూడిపోయినను, ఏటిలో కార్ఖానా మురికి కలిసినను వానికై మాటలాడువా రెవరు? ఈ ప్రశ్న అర్ధశతాబ్దమునకు పూర్వము ఒక తరగతిగదిలో పుట్టి, ఒక పత్రికలో పెరిగి, పిదప ధర్మాసనముల కెక్కినది. దాని చరిత్రను, దానితోబాటు విద్యార్థులు చేసిన కొన్ని ప్రయత్నముల చరిత్రను చదువరులకు సంగ్రహముగా విన్నవింప దలచితిమి.

పూర్వపు న్యాయపద్ధతి యెట్టిదో ముందుగా గ్రహింపవలయును. ఒక చెఱువులోనికి ఎవడో విషజలము వదలె ననుకొందము. ఆయకట్టు రైతు కోర్టుకు పోయి 'నా వరి చచ్చినది' అని చెప్పుకొనవచ్చును. జాలరి తన చేపల సంగతి చెప్పుకొనవచ్చును. వారికి నష్టపరిహారము దొరకవచ్చును. చెఱువునకు మాత్రము దొరకునది యేమియు లేదు. రైతునకు ముట్టిన సొమ్ము రైతు ఇంటికి పోవును. చెఱువు విషముతోడనే యుండును. ఆ రైతు ప్రతివాదితో రాజీపడెనా, వ్యాజ్యము అంతటితో సరి. ఇక ఏ యొక్కనికిని ప్రత్యేకముగా నష్టము కలుగనిచోట వ్యాజ్యమే పుట్టదు. 'నీకు కలిగిన బాధ యేమి?' అని న్యాయాధిపతి యడుగు తొలి ప్రశ్నకు ప్రత్యుత్తర మీయలేనివాడు గడప దాటి లోనికి రాజాలడు. ఈ యధికారమునే మనము వాదార్హత యందము.

చైతన్యము లేనిదానికి హక్కులుండుట మనకు వింత గాదు. దేవాలయమునందలి మూర్తికి మాన్యము లుండును. ఆ మూర్తి పేర దావా పడును. ధర్మకర్త దాని పక్షమున నడచుకొనును. 1925 సంవత్సరమున ప్రీవీ కౌన్సిలు వంగదేశమందలి యొక కుటుంబ విగ్రహమును గూర్చిన వ్యాజ్యములో, ఆ విగ్రహము న్యాయదృష్టిలో నొక వ్యక్తియేననియు, దాని పక్షమున మాటలాడుటకు నిష్పక్షపాతియగు ప్రతినిధి యొకడుండవలయుననియు నిర్ణయించెను. వర్తక కంపెనీకి గూడ ఇట్టి వ్యక్తిత్వమే కలదు. దేవునికిని కంపెనీకిని చెల్లినది నది కేల చెల్లరాదు?

ఈ ప్రశ్నను న్యాయశాస్త్ర పరిభాషలో సూటిగా వేసినవాడు క్రిస్టఫర్ స్టోను. ఆయన అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రాచార్యుడు. 1971 సంవత్సరమున ఒకనాడు ఆయన ఆస్తిహక్కుల పాఠము చెప్పుచుండగా, గంట ముగియవచ్చుటచే విద్యార్థుల ధ్యాస చెదరినది. దానిని మరల కూడదీయుటకై ఆయన, నదులకును చెట్లకును హక్కులుండిన న్యాయశాస్త్ర మెట్లుండునో ఊహింపుడని యనెను. తరగతిలో నొక్కసారిగా కలకలము చెలరేగెను. ఆచార్యుడు తానన్న మాటకు తానే వెఱగుపడి, ఆ మాటను నిలబెట్టుటకు తగిన వ్యాజ్య మేదైన నడచుచున్నదా యని విచారించెను. అట్టిది యొకటి దొరకెను.

కాలిఫోర్నియాలో సియెరా నెవాడా పర్వతములనడుమ మినరల్ కింగ్ అను లోయ యున్నది. అచ్చట మంచుపై జారి యాడువారి కొఱకు గొప్ప విహారస్థలమును కట్టుటకు వాల్ట్ డిస్నీ కంపెనీ పూనుకొనగా, ప్రభుత్వ మనుమతించెను. సియెరా క్లబ్బు అను ప్రకృతిసంరక్షణ సంఘము 1969లో దావా తెచ్చెను. 'ఇందు మీకు కలుగు నష్టమేమి?' యని పై కోర్టు అడిగెను. సంఘము తన సభ్యుల నష్టమును గూర్చి చెప్పక, లోయకు కలుగు నష్టమును గూర్చియే చెప్పెను. అది చాలదని పై కోర్టు త్రోసివేయగా, వ్యాజ్యము సుప్రీముకోర్టున కెక్కెను. స్టోను వ్యాసము వ్రాయ మొదలిడునాటికి తీర్పు రావలసి యున్నది. అప్పుడాయన కొక యుపాయము తోచెను. తన విశ్వవిద్యాలయపు న్యాయపత్రిక యొక ప్రత్యేకసంచికను వెలువరింప నున్నది. దానికి పీఠిక వ్రాయుటకు ఒప్పుకొన్నవాడు సుప్రీముకోర్టు న్యాయాధిపతి విలియం డగ్లసు. వ్యాస మా సంచికలో చేరినచో డగ్లసు చేతికి దానంతట నదియే పోవును. ఆ పత్రిక సంపాదకులు విద్యార్థులే. అమెరికాలో పెక్కు న్యాయపత్రికలను విద్యార్థులే నడుపుదురు. వారు వ్యాసమును సకాలమున సంచికలో చేర్చిరి. 'చెట్లకు వాదార్హత యుండవలదా?' యని దాని పేరునకు భావము.

1972 ఏప్రిలు 19వ తేదీన తీర్పు వచ్చెను. నలుగురు న్యాయాధిపతు లొక వైపు, మువ్వురొక వైపు. సంఘ మోడిపోయెను. కాని డగ్లసు తన భిన్నాభిప్రాయము నారంభించుచునే స్టోను వ్యాసమును పేర్కొని, లోయ తన పేరనే దావా తేగలిగిన బాగుండునని వ్రాసెను. ఆ భిన్నాభిప్రాయము నేటికిని న్యాయకళాశాలలలో చదువబడుచున్నది. ఓటమిలోనే యొక దారి గూడ తెరచియుండెను. తమ సభ్యులు ఆ లోయలో సంచరింతురని చెప్పి అభియోగమును సవరించుకొనవచ్చునని కోర్టు సూచింపగా, సంఘ మట్లే చేసెను. కాలము గడచినకొలది కంపెనీవారి యుత్సాహము తగ్గెను. 1978లో అమెరికా శాసనసభ ఆ లోయను సెకోయా జాతీయవనమున చేర్చెను. వ్యాజ్య మోడినను లోయ మిగిలినది.

స్టోను కంటె రెండేండ్లు ముందుగా, 1970లో, మిషిగన్ విశ్వవిద్యాలయాచార్యుడు జోసెఫ్ సాక్సు వేఱొక మార్గమున నిట్టి పనియే చేసెను. పారు నీరు, సముద్రతీరము మొదలగునవి ప్రభుత్వమునకు సొంత ఆస్తి కావనియు, ప్రజలకొఱకు ధర్మకర్తగా మాత్రమే ప్రభుత్వము వానిని భరించుననియు చెప్పు ప్రాచీన రోమకన్యాయమును ఆయన తన వ్యాసమున పునరుద్ధరించెను. ఆ వ్యాసము మన దేశమునకు వచ్చుటకు ఇరువదియాఱేండ్లు పట్టెను. హిమాచలమున బియాసు నది యొడ్డున నొక విడిదికి వనభూమి కౌలుకీయబడెను; వారు తమ కట్టడమును కాపాడుకొనుటకై నదీప్రవాహమునే మళ్లించిరి. 1996 డిసెంబరులో మన సుప్రీముకోర్టు సాక్సు వ్యాసమును విపులముగా నుదాహరించి, ప్రజాధర్మకర్తృత్వ సిద్ధాంతము ఈ దేశన్యాయములో భాగమని ప్రకటించి, ఆ కౌలును రద్దుచేసెను. ఒక యాచార్యుడు తన గ్రంథాలయమున కూర్చుండి వ్రాసినది, ఆయన యెఱుగని కొండయేటికి కావలి కాచినది.

ఆచార్యుల మాట యట్లుండగా, విద్యార్థులు తామే వాదులైన కథ యొకటి కలదు. వాషింగ్టను నగరమున జార్జి వాషింగ్టను విశ్వవిద్యాలయములో జాన్ బాంజాఫ్ అను నాచార్యుడు తన శిష్యులను పరీక్షకాగితములతో విడువక, ఏదైన నొక యన్యాయమును ఎంచుకొని దానిపై నిజముగా వ్యవహారము నడుపుడని నియమించువాడు. 1971లో ఐదుగురు విద్యార్థులు ఒక సంఘముగా నేర్పడిరి. రైల్వేకంపెనీలు సరకుకూలిపై నూటికి 2.5 చొప్పున అదనపు సుంకమును వేయ దలచినవి. విద్యార్థుల వాదము విచిత్రముగా తోచును గాని వినదగినది. కూలి పెరిగినచో పాతసామానును మరల కరగించుట కిట్టుబాటు కాదు. అప్పుడు కార్ఖానాలు క్రొత్త కలపను, క్రొత్త ఖనిజమునే వాడును. అడవులు మఱింత తరుగును, పాఱవేసిన సీసాలు, డబ్బాలు ఉద్యానముల నిండును. ఆ యుద్యానములలో తిరుగువారము మేము. కావున నష్టము మాది.

1973 జూనులో సుప్రీముకోర్టు వారి వాదార్హతను అంగీకరించెను. హాని పలువురకు కలిగినంతమాత్రమున, ఎవ్వరును అడుగరాదని చెప్పుట తగదని తీర్పున వ్రాసెను. అయినను సుంకమును నిలుపుచేయు నధికారము క్రింది కోర్టునకు లేదని ఆ తీర్పులోనే చెప్పెను. 1975లో అసలు విషయమున గూడ విద్యార్థు లోడిపోయిరి. తరువాతి కాలమున ఆ కోర్టే, 1990లో నొకసారియు 1992లో మఱియొకసారియు, వాదార్హతకు తలుపు బిగించి, విద్యార్థుల వ్యాజ్యమున జూపిన ఔదార్యమును మరల చూపలేదు. ఇది దాచదగిన సంగతి గాదు. విద్యార్థుల ప్రయత్నములను పొగడువారు సాధారణముగా గెలుపులనే యేకరువు పెట్టుదురు. కాని ఈ చరిత్రలో ఓటములే యెక్కువ. ఒక తరము ప్రవేశద్వారము తెరచిన మాత్రమున అది తెరచియే యుండునని నమ్మరాదు.

ఇక మన యింటి సంగతి. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచి వేలకొలది ప్రాణములను హరించినది పెద్దలు చెప్పగా వినియుందురు. ఆ వఱద పిమ్మట నగరరక్షణకై కట్టినవి రెండు జలాశయములు: 1920లో ముగిసిన ఉస్మాన్‌సాగరము, 1927లో ముగిసిన హిమాయత్‌సాగరము. వఱద నాపుటకు కట్టినవి నగరమునకు త్రాగునీ రొసగినవి. 1996లో ప్రభుత్వము ఈ జలాశయముల చుట్టు పది కిలోమీటరుల లోపల మాలిన్యము పుట్టించు పరిశ్రమలు కూడదని ఉత్తరువు చేసెను. ఒక ఆముదపు సరకుల కార్ఖానా ఆ యెల్లలోనే తలయెత్తెను. 1997లో ప్రభుత్వమే దానికి మినహాయింపు నిచ్చెను. వ్యాజ్యము సుప్రీముకోర్టునకు పోగా, 1999 జనవరిలో తీర్పు వ్రాసినవారు మన తెలుగువారైన న్యాయమూర్తి మామిడన్న జగన్నాథరావుగారు.

ఆ తీర్పులో ఆయన యెదుర్కొన్న చిక్కు న్యాయశాస్త్రముది మాత్రమే గాదు, విజ్ఞానశాస్త్రముది గూడ. కార్ఖానా విషము నీటిలో కలియునని నిశ్చయముగా చెప్పగలవారు లేరు. కలియదని చెప్పగలవారును లేరు. అట్టి సందిగ్ధమున నెవరు ఋజువు చేయవలయును? నీరు త్రాగు ప్రజలా, కార్ఖానా పెట్టువాడా? ముందుజాగ్రత్త సూత్రము ననుసరించి, హాని లేదని ఋజువు చేయవలసిన భారము కార్ఖానా పెట్టువానిదేనని ఆయన వివరించెను. ఈ వివరణలో 1998 సంవత్సరమున హార్వర్డు పర్యావరణ న్యాయపత్రికలో వెలువడిన యొక వ్యాసమును ప్రమాణముగా గైకొనెను. ఆ పత్రికను నడుపువారు గూడ విద్యార్థులే! దూరదేశమున నొక విద్యార్థి రాత్రివేళ అచ్చుతప్పులు దిద్దిన పుటలు, మరుసటి యేటనే మన భాగ్యనగరపు బిందెలలోని నీటికి రక్ష యైనవి. 2000 డిసెంబరులో తుదితీర్పు వచ్చి, ప్రభుత్వ మిచ్చిన మినహాయింపు చెల్లదని తేలినది.

జగన్నాథరావుగా రంతటితో నూరకుండలేదు. ఇట్టి వ్యాజ్యములలో న్యాయాధిపతుల ప్రక్కన విజ్ఞానశాస్త్రజ్ఞులు కూర్చుండవలయునని తీర్పులోనే సూచించి, పిదప లా కమిషను అధ్యక్షులై 2003లో పర్యావరణ న్యాయస్థానములను గూర్చి ప్రత్యేకనివేదికను సమర్పించిరి. ఆ తలంపు 2010 నాటి జాతీయ హరిత ధర్మాసన చట్టమున రూపు దాల్చెను. కాని జలాశయముల కథ అచ్చటితో ముగియలేదు. 2022 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము 1996 నాటి నిర్బంధములను తొలగింప నిశ్చయించుచు మఱియొక ఉత్తరువును వెలువరించెను. తీర్పు శిలాశాసనము గాదు సుమీ. కాపలాదారులు నిద్రించిన నాడు దాని యక్షరములు చెరగును.

స్టోను ప్రశ్న 2017లో మరల వినవచ్చెను. ఆ యేడు మార్చిలో న్యూజీలాండు శాసనసభ వాంగనుయీ నదిని ఒక వ్యక్తిగా నంగీకరించి, దానికై మాటలాడుటకు ఇరువురు ప్రతినిధులను నియమించు చట్టము చేసెను. ఒకరిని ప్రభుత్వము, మఱియొకరిని ఆ నదీతీరపు మావోరీ ప్రజలు ఎన్నుకొందురు. ఇది యాచార్యుల కల్పన మాత్రమే గాదు. ఆ నది తమ పూర్వజుడేయని మావోరీలు తరతరములుగా చెప్పుచు వచ్చిన మాటకు ప్రభుత్వము చివరకు తలయొగ్గుటయే. అదే మాసమున మన ఉత్తరాఖండ హైకోర్టు గంగాయమునలను వ్యక్తులుగా ప్రకటించెను. కాని పలు రాష్ట్రములగుండ పారు నదికి ఒక రాష్ట్రపు టుద్యోగులు సంరక్షకు లెట్లగుదురు? నది పొంగి యొకని ఇల్లు కూలినచో ఎవరిపై దావా వేయవలయును? ఇట్టి చిక్కులను చూపి ఆ రాష్ట్రప్రభుత్వమే మొఱవెట్టుకొనగా, జూలై మాసమున సుప్రీముకోర్టు ఆ తీర్పును నిలుపుచేసెను. పేరు పెట్టుట సులభము. పెంచువాని నేర్పఱచుట కష్టము. న్యూజీలాండువారు ముందు సంరక్షకుల సంగతి తేల్చుకొనిరి. మనము ముందు బిరుదు నిచ్చితిమి.

ఈ చరిత్రలో నూతనమైన ఘట్టము పసిఫిక్ మహాసముద్రమున జరిగినది. వనువాటు అను దీవుల రాజ్యము తుపానులకు నెలవు. 2015లో పామ్ అను తుపాను ఆ దేశమును ఛిన్నాభిన్నము చేసెను. అచ్చట పోర్టువిలా నగరమున దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయపు న్యాయశాఖ యున్నది. 2019 మార్చిలో, ఎనిమిది దీవి దేశముల నుండి వచ్చిన 27 మంది న్యాయవిద్యార్థులు ఒక తరగతిలో కూడుకొని, తమ దీవులకు వచ్చిన యాపదకు అంతర్జాతీయ న్యాయశాస్త్రమున మందు కలదా యని విచారించిరి. ఉష్ణమును పెంచు వాయువులను విడుచు రాజ్యముల కర్తవ్య మేమో అంతర్జాతీయ న్యాయస్థానమునే యడుగవలెనని వారు నిశ్చయించుకొనిరి. విద్యార్థుల కట్టి యధికారము లేదు. ఐక్యరాజ్యసమితి సభ యడుగవలయును. కావున తమ దేశాధినేతలకు లేఖలు వ్రాసిరి. వనువాటు ప్రభుత్వ మా కోర్కెను తనదిగా చేసికొనెను. 2023 మార్చి 29వ తేదీన 130కి మించిన రాజ్యముల సహప్రతిపాదనతో తీర్మానము సర్వసమ్మతిగా నెగ్గెను. 2024 డిసెంబరులో హేగు నగరమున 96 రాజ్యములును 11 అంతర్జాతీయ సంస్థలును తమ వాదములను వినిపించినవి.

2025 జూలై 23వ తేదీన న్యాయస్థానము తన యభిప్రాయమును ఏకగ్రీవముగా ప్రకటించెను. శీతోష్ణస్థితిని కాపాడుట రాజ్యముల యిచ్ఛ గాదు, కర్తవ్యము. ఆ కర్తవ్యమును విడిచిన రాజ్యము తప్పిదము చేసినట్లే. సందర్భమునుబట్టి నష్టపరిహారము నీయవలసి యుండవచ్చును. ఇది దాని సారాంశము. ఇది సలహారూపమైన యభిప్రాయము గాని, జప్తు చేయించు డిక్రీ గాదు. సముద్రపు నీరు దీనివలన వెనుకకు తగ్గిపోలేదు. అయినను ఆఱేండ్ల క్రిందట 27 మంది తమలో తాము గుసగుసలాడుకొన్న ప్రశ్నకు ప్రపంచమునందలి యత్యున్నత ధర్మాసనము జవాబు చెప్పక తప్పినది గాదు.

ఇందుపై రెండు ఆక్షేపణలు కలవు. విద్యార్థులు చదువుకొనవలెను గాని వ్యాజ్యము లాడరాదని కొందఱందురు. వారితో మేము కొంతవఱకు ఏకీభవింతుము. చదువక వ్యాజ్యమాడుట కేకలు వేయుటయే. కాని పై కథలలో విద్యార్థులు చేసినది చదువు విడుచుట గాదు. చదివినదానిని అక్కరపడు చోటికి మోసికొని పోవుట. రెండవ యాక్షేపణ గట్టిది. నదికై మాటలాడుదునని వచ్చినవాడు నిజముగా తనకొఱకే మాటలాడునేమో? నది కాదనలేదు గదా! అడవి పేరు చెప్పి అడవిలోని బీదలను వెడలగొట్టిన చరిత్ర మన దేశమున లేకపోలేదు. ఈ భయమునకు మందు వకాల్తాను మానుట గాదు, వకాల్తాదారుని లెక్క యడుగుట. మూర్తి పేర మాన్యము లనుభవించి దేవునికి దీపము పెట్టని ధర్మకర్తలను మన మెఱుగుదుము. వారి నడుగుటకు చట్టములు చేసికొంటిమి గాని, దేవునికి మాన్యములే వలదనలేదు.

1991లో మన సుప్రీముకోర్టు పర్యావరణ విషయమును విద్యాలయములన్నిట నిర్బంధముగా బోధింపవలయునని యాజ్ఞాపించెను. ఆ యాజ్ఞ మన యిండ్లలో నే రూపమున నున్నదో తల్లుల కెఱుక. రాత్రి పదిగంటలకు 'రేపు ప్రాజెక్టు ఈయవలె' నని బిడ్డ చెప్పును. తల్లి అంగడినుండి తెప్పించిన చెట్లబొమ్మలను అట్టపై అంటించును. తండ్రి మీద శీర్షిక వ్రాయును. బిడ్డ నిద్రించును. మార్కులు వచ్చును. చెట్టున కందులో నొరిగినదేమి?

ఆ యట్టకు బదులుగా నొక సెలవునాడు బిడ్డను వెంట గొని ఊరి చెఱువు కట్టపై నడువుడు. తూము ఎచ్చట నున్నదో, అలుగు ఎచ్చట పాఱునో చూపుడు. రెవెన్యూ లెక్కలలో దాని శిఖము భూమి యెన్ని యెకరములని వ్రాయబడియున్నదో, నేడు నీరు నిలుచుచున్న దెంతయో బిడ్డచేతనే వ్రాయింపుడు. లెక్క తెలియనిచో 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద నొక యర్జీ పెట్టుడు. రెండు లెక్కలకు నడుమ తేడా కనబడినప్పుడు ఆ బిడ్డ మిమ్ము తప్పక నొక ప్రశ్న యడుగును: ఆ భూమి యేమైనది? దానికి మీరు నిజము చెప్పవలసి యుండును. ఆ యాక్రమణలో మన బంధువుల ప్రహరీగోడ యున్నను చెప్పవలసినదే.

న్యాయవిద్య యక్కడనే మొదలగును. స్టోను తరగతిలో కలకలము రేగినది విద్యార్థులకు తమకు తెలియని దేదో చెప్పుటచే గాదు; తామెన్నడు నడుగని ప్రశ్నను వినుటచేతనే. మన బిడ్డలలో నెవరు వకీళ్లగుదురో, ఎవరు కారో మనకు తెలియదు. కాని చెఱువునకు వకాల్తా పుచ్చుకొనుటకు పట్టాయే యుండనక్కఱలేదు. లెక్క వ్రాసిపెట్టుకొన్న యొక పుస్తకమును, అడిగినప్పుడు నిజము చెప్పు నొక గృహమును ఉన్న, తక్కిన వ్యాజ్యము తరువాత నడచును.